క్రిమినల్ కేసు విచారణ: ఠాణాలో దరఖాస్తు ఇచ్చిన రోజు నుంచి తీర్పు కాపీ చేతికొచ్చేదాకా

“నలుగురు చూస్తుండగా కొట్టిండు, ఊరంతా ఎరుకే, అయినా కోర్టుల కేసు కొట్టేసిన్రు.” పల్లెల్లో ఈ మాట తరచూ వినబడుతుంది. ఊరంతా ఎరిగిన సంగతి జడ్జికి తెలియదు. తెలిసినా దాన్ని బట్టి తీర్పు ఇవ్వకూడదు. సాక్షి ప్రమాణం చేసి చెప్పి, క్రాస్‌లో (ఎదుటి పక్షం లాయరు అడిగే ప్రశ్నల్లో) నిలబడి, రికార్డుకెక్కిన మాట ఒకటి. చట్టప్రకారం గుర్తు వేయించిన కాగితం, వస్తువు ఇంకొకటి. జడ్జి ముందు ఉండేది ఇంతే. విచారణలో ప్రతి దశా ఈ రికార్డును తయారు చేయడానికో, పరీక్షించడానికో పెట్టిందే. సాక్షిగా వెళ్లినా, ఫిర్యాదుదారుగా వెళ్లినా, ముద్దాయిగా నిలబడినా ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

వివరణ కోసం ఒక కేసు అనుకుందాం. పరకాల దగ్గరి ఊళ్లో ఇద్దరు పాలోళ్ల మధ్య పొలం గట్టు తగాదా. ఒకరు గొడ్డలి కామతో, అంటే దాని కర్ర పిడితో కొడితే రెండో ఆయన ముంజేతి ఎముక విరిగింది. పక్క పొలంలో నాట్లు వేస్తున్న ఇద్దరు చూశారు.

ఏ చట్టం, ఏ కోర్టు, ఏ నంబరు

2024 జూలై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ బదులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఎవిడెన్స్ యాక్ట్ బదులు భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చాయి. నేరం ఆ తేదీకి ముందు జరిగితే శిక్ష ఐపీసీ సెక్షన్ల కిందే పడుతుంది. అందుకే ఇప్పటికీ ఒకే హాల్లో రెండు రకాల సెక్షన్ నంబర్లు వినబడతాయి. కంగారు పడొద్దు, విచారణ క్రమం చాలావరకు పాతదే.

మన గట్టు కేసు తీవ్ర గాయం కిందికి వస్తుంది. న్యాయ సంహిత 117(2) ప్రకారం ఏడేళ్ల దాకా జైలు. దీన్ని మెజిస్ట్రేట్ కోర్టు విచారిస్తుంది. మన దగ్గర ఆ కోర్టు బోర్డు మీద ‘జూనియర్ సివిల్ జడ్జి కమ్ జ్యుడీషియల్ ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్’ అని ఉంటుంది. పెద్దవాళ్లు ఇప్పటికీ మున్సిఫ్ కోర్టు అనే అంటారు. ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్ మూడేళ్లకు మించి జైలు శిక్ష వేయలేరు. అంతకన్నా ఎక్కువ అవసరమనిపిస్తే కేసును చీఫ్ జ్యుడీషియల్ మెజిస్ట్రేట్‌కు పంపుతారు. హత్య, హత్యాయత్నం, అత్యాచారం లాంటివి సెషన్స్ కోర్టుకు వెళ్తాయి.

నంబర్ల సంగతి జాగ్రత్తగా చూడాలి. ఠాణాలో ఉన్నప్పుడు కేసుకు క్రైమ్ నంబర్ ఉంటుంది. మెజిస్ట్రేట్ ఛార్జిషీటు తీసుకున్నాక సీసీ (క్యాలెండర్ కేస్) నంబర్ పడుతుంది. సెషన్స్‌కు పోవాల్సినదైతే ముందు పీఆర్‌సీ (ప్రిలిమినరీ రిజిస్టర్ కేస్) నంబర్, అక్కడికి చేరాక ఎస్‌సీ (సెషన్స్ కేస్) నంబర్. క్రైమ్ నంబర్ పట్టుకుని కోర్టు ఆఫీసులో అడిగితే పని తేలిగ్గా జరగదు. 16 అక్షరాల సీఎన్ఆర్ నంబర్ ఒక్కటి రాసి పెట్టుకోండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొడితే తర్వాతి వాయిదా ఎప్పుడో, పోయిన వాయిదాకు ఏం జరిగిందో ఫోన్‌లోనే కనబడుతుంది. హనుమకొండ అదాలత్ దగ్గరి కోర్టు ప్రాంగణానికి వచ్చేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి: వరంగల్, హనుమకొండ రెండు జిల్లాల కోర్టులూ అక్కడే నడుస్తాయి. సమన్ల మీద ఏ జిల్లా, ఏ కోర్టు అని ఉందో చదవకుండా వస్తే తప్పుడు హాల్లో కూర్చునే ప్రమాదం ఉంది, ఇటు మన పేరు పిలిచి పోతారు.

హాల్లో ఎవరి పని ఏంటి

ఎత్తైన వేదిక మీద జడ్జి. మన దగ్గర జ్యూరీ లేదు. సంగతులు తేల్చేదీ, చట్టం వర్తింపజేసేదీ ఆ ఒక్కరే. ప్రాసిక్యూటరో లాయరో అడగనిది కూడా సాక్షిని నేరుగా అడిగే అధికారం జడ్జికి ఉంది. వేదిక కింద బెంచ్ క్లర్క్ ఉంటారు. కేసులు పిలిపించడం, వాయిదా తేదీ రాయడం, కాగితాలకు గుర్తులు వేయడం ఆయన పని. పక్కన స్టెనో లేదా టైపిస్టు. తలుపు దగ్గర పేరు పిలిచే అటెండర్.

మెజిస్ట్రేట్ కోర్టులో ప్రభుత్వం తరఫున ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్), సెషన్స్‌లో పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) లేదా అదనపు పీపీ వాదిస్తారు. ఫిర్యాదుదారు లాయరును పెట్టుకోనక్కర లేదు. కేసు నడిపేది ప్రభుత్వం, ఫిర్యాదుదారు అందులో ఒక సాక్షి. అయితే బాధితులు కోర్టు అనుమతితో సొంత లాయరును పెట్టుకోవచ్చు. ఆయన పీపీకి తోడుగా పనిచేస్తారు, సాక్ష్యం ముగిశాక రాతపూర్వక వాదన ఇవ్వవచ్చు. సాక్షిని నేరుగా ప్రశ్నించే పని మాత్రం పీపీదే.

ముద్దాయికి సొంత లాయరు ఉంటారు. స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, దివ్యాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లు ఆదాయంతో సంబంధం లేకుండా అర్హులు. హెల్ప్‌లైన్ నంబర్ 15100.

చాలామంది లెక్కలోకి తీసుకోని మనిషి కోర్టు కానిస్టేబుల్. ప్రతి ఠాణా నుంచి ఒకరు కోర్టు పని చూస్తారు. సమన్లు పంపడం, సాక్షులను పిలిపించడం, జప్తు చేసిన వస్తువును ఆ రోజుకు తెప్పించడం ఆయన చేతిలోనే ఉంటాయి. ఆయన ఫోన్ నంబర్ మీ దగ్గర ఉండాలి, మీ నంబర్ మారితే ఆయనకు చెప్పాలి.

ఛార్జిషీటు దాకా: కేసు ఇక్కడే గట్టిపడుతుంది, ఇక్కడే పలచబడుతుంది

దరఖాస్తు రేపు కోర్టులో మొదటి కాగితం అవుతుంది, దాన్నే ఎగ్జిబిట్ పి-1 అంటారు. పల్లెల్లో దరఖాస్తును వేరొకరు రాసి, బాధితుడు సంతకం పెట్టడం మామూలే. తప్పు లేదు. కానీ రాసినదాన్ని పూర్తిగా చదివించుకుని వినాలి. అన్ని వివరాలూ అందులో ఉండనక్కర లేదు గానీ నాలుగు ఉండి తీరాలి: ఎవరు కొట్టారు, దేనితో, ఎప్పుడు ఎక్కడ, ఎవరు చూశారు. కామతో కొట్టిన సంగతి దరఖాస్తులో లేకుండా కోర్టులో మొదటిసారి చెబితే డిఫెన్స్ లాయరు మొదట పట్టుకునేది దాన్నే. ఠాణాకు ఆలస్యంగా వెళితే ఎందుకు ఆలస్యమైందో అందులోనే రాయాలి. ఆస్పత్రిలో ఉన్నామనో, పెద్దమనుషులు పంచాయితీ చేద్దామని ఆపారనో, నిజం ఏదైతే అది. కారణం రాయని ఆలస్యం కట్టుకథ అల్లారనే వాదనకు దారి ఇస్తుంది. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.

పోలీసులు సాక్షుల వాంగ్మూలం రాసుకుంటారు. దాని మీద సాక్షి సంతకం పెట్టకూడదన్నది చట్టం. పంచనామా మీద పంచులు (దాన్ని రాసేటప్పుడు సాక్షులుగా ఉండే ఊరివాళ్లు) సంతకం పెడతారు, అది వేరు. తెల్ల కాగితం మీద మాత్రం ఎవరూ, ఎక్కడా సంతకం పెట్టొద్దు.

ఎముక విరిగిన కేసులు పలచబడే చోటు ఎక్స్‌రే. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలోనో ఏరియా ఆస్పత్రిలోనో డాక్టర్ ఇచ్చిన గాయాల సర్టిఫికెట్‌లో ‘తీవ్ర గాయం’ అని రాసి ఉంటుంది. ఆ మాటకు ఆధారమైన ఎక్స్‌రే ఫిల్మ్, రిపోర్టు కోర్టుకు రాకపోతే తీవ్ర గాయం కాస్తా మామూలు గాయంగా తేలిపోయే ప్రమాదం ఉంది. ప్రైవేటులో తీయించుకున్న ఎక్స్‌రే ఇంట్లో బీరువాలో ఉంటే లాభం లేదు, దర్యాప్తు అధికారికి ఇచ్చి ఛార్జిషీటు జాబితాలో చేరిందా అని చూసుకోవాలి.

ఎవరైనా ఫోన్‌లో వీడియో తీసి ఉంటే ఆ ఫోన్ కాపాడాలి. వాట్సాప్‌లో పది చేతులు మారిన వీడియోకు మూలం చూపించడం కష్టం. కాపీ ఇస్తే సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి. దానిలో ఇచ్చేవాళ్ల భాగం ఒకటి, నిపుణుల భాగం ఒకటి, ఫైలు మారలేదని చూపే కోడ్ (హ్యాష్ విలువ) కూడా ఉంటుంది.

ముద్దాయి జైల్లో ఉంటే పదేళ్లు, ఆ పైన శిక్ష పడే నేరాల్లో 90 రోజుల్లో, మిగతావాటిలో 60 రోజుల్లో ఛార్జిషీటు రావాలి. రాకపోతే బెయిలు అడిగే హక్కు ముద్దాయికి వస్తుంది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకు చెప్పాల్సిన బాధ్యత కూడా పోలీసుల మీద ఉంది.

కాపీలు, ఛార్జి

ముద్దాయి హాజరైన 14 రోజుల్లోగా ఛార్జిషీటు, వాంగ్మూలాలు, పత్రాల కాపీలు ఇవ్వాలి. లాయరు ఉన్న బాధితులకు కూడా ఇస్తారు. సెషన్స్ కేసయితే మెజిస్ట్రేట్ దాన్ని పై కోర్టుకు పంపుతారు. ఆధారాలు చాలవనుకుంటే ముద్దాయి 60 రోజుల్లోగా డిశ్చార్జి పిటిషన్ (విచారణ లేకుండానే కేసులోంచి తప్పించమని) వేసుకోవచ్చు; ఆ గడువు మెజిస్ట్రేట్ కోర్టులో కాపీలు అందిన రోజు నుంచి, సెషన్స్‌లో కేసు అక్కడికి పంపిన రోజు నుంచి లెక్క. డిశ్చార్జి కాకపోతే జడ్జి ఛార్జి, అంటే మోపిన నేరం చదివి వినిపించి, ‘నేరం ఒప్పుకుంటారా?’ అని అడుగుతారు. ‘ఒప్పుకోను, విచారణ కావాలి’ అంటే సాక్షుల తేదీలు పడతాయి. వాయిదా తొందరగా తెమిలిపోతుందనుకుని ఆలోచించకుండా ఒప్పుకునేవాళ్లు ఉంటారు. ఒప్పుకుంటే శిక్ష రికార్డులో నిలిచిపోతుంది, ఉద్యోగానికి, పాస్‌పోర్టుకు అడ్డొస్తుంది. లాయరుతో మాట్లాడకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పొద్దు.

ముద్దాయి ఏదో ఒక వాయిదాకు రాలేకపోతే లాయరు గైర్హాజరు పిటిషన్ వేయాలి. పాత నంబరుతో దాన్ని ఇప్పటికీ 317 పిటిషన్ అంటారు, కొత్త చట్టంలో 355. అది లేకుండా రాకపోతే నాన్ బెయిలబుల్ వారెంట్ వస్తుంది.

సాక్ష్యం చెప్పే రోజు

విచారణకు ప్రాణం ఇదే. ఉదయం 10:30కు ముందే చేరండి. ముందు ‘కాల్ వర్క్’ నడుస్తుంది, ఆ రోజు కేసులన్నీ ఒకసారి పిలుస్తారు. మీ కేసు పిలిచినప్పుడు పలకాలి. ఆ తర్వాత ఏపీపీ దగ్గరకు వెళ్లి, పోలీసులకు మీరిచ్చిన వాంగ్మూలం చదివించుకుని వినండి. సంఘటన జరిగి ఏళ్లు గడిచాక తేదీ, వారం మరిచిపోవడం సహజం. ‘ఇవాళ స్టేట్‌మెంట్ చదివి వినిపించారా?’ అని క్రాస్‌లో అడిగితే అవునని చెప్పండి. అందులో తప్పేమీ లేదు, అబద్ధమాడితేనే తప్పు. ఒక సాక్షి చెబుతున్నప్పుడు మిగతా సాక్షులు హాలు బయట ఉండాలి.

ఛార్జిషీటులో సాక్షులకు ఎల్‌డబ్ల్యూ (జాబితాలోని సాక్షి) నంబర్లు ఉంటాయి. కోర్టులో చెప్పిన వరుసలో పీడబ్ల్యూ-1, పీడబ్ల్యూ-2 (ప్రాసిక్యూషన్ సాక్షులు) అవుతారు. సినిమాల్లోలాగా గ్రంథం మీద చెయ్యి పెట్టించరు. దేవుడి సాక్షిగానో, మనస్సాక్షిగానో ప్రమాణం చేయిస్తారు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు నిజం చెప్పాలన్న సంగతి అర్థమై, ప్రమాణం అంటే ఏంటో అర్థం కాకపోతే ప్రమాణం లేకుండానే సాక్ష్యం తీసుకోవచ్చు.

ముందు చీఫ్. ఏపీపీ అడుగుతారు, మీరు జరిగింది చెబుతారు. ‘ఇతనే కామతో కొట్టాడు కదా?’ అని జవాబును ప్రశ్నలోనే పెట్టి అడగడం చీఫ్‌లో కుదరదు. కాబట్టి వరుసగా చెప్పే భారం మీదే: ఆ రోజు ఎక్కడున్నారు, ఎంత దూరం నుంచి చూశారు, ఎవరు ఏ చేతిలో ఏం పట్టుకున్నారు, ఎన్ని దెబ్బలు, ఎక్కడ తగిలాయి, ఆ తర్వాత ఎవరు ఎటు పోయారు. ముద్దాయి హాల్లో ఉన్నాడా అంటే చూపించాలి. కామను తెచ్చి చూపితే గుర్తుపట్టాలి; దానికి ఎంవో-1 (మెటీరియల్ ఆబ్జెక్ట్, అంటే కేసు వస్తువు) అని గుర్తు పడుతుంది. తల ఊపితే రికార్డుకెక్కదు, నోటితో చెప్పాలి.

తర్వాత క్రాస్. డిఫెన్స్ లాయరు మీద కోపం తెచ్చుకోవద్దు. మీ మాటను పరీక్షించడం ఆయన బాధ్యత, ముద్దాయికి అది హక్కు. క్రాస్‌లో ప్రశ్నలు సాధారణంగా మూడు దిక్కుల నుంచి వస్తాయి.

మొదటిది, మీరు అక్కడ లేరు, లేదా ఉన్నా చూడలేరు. దూరం, వెలుతురు, మధ్యలో చెట్లు, గట్టు ఎత్తు అడుగుతారు. గజాల్లో చెప్పమంటే ఊహించి అంకె చెప్పొద్దు. ‘కొలిచి చెప్పలేను, ఈ హాలు పొడవు రెండింతలు ఉంటుంది’ అనొచ్చు. ‘తెలియదు’కూ ‘గుర్తు లేదు’కూ తేడా ఉంది. చూసి మరిచిపోతే గుర్తు లేదు. అసలు చూడకపోతే తెలియదు.

రెండోది, పాత పగ. ‘మీకూ ముద్దాయికీ భూమి కేసు ఉంది కదా?’ ఉంటే ఉందని ఒప్పుకోండి. పగ వల్ల అబద్ధం చెబుతున్నారనవచ్చు, పగ వల్లే ముద్దాయి కొట్టాడనీ అనవచ్చు. అది రెండు వైపులా పనిచేస్తుంది. దాన్ని దాచబోయి పట్టుబడితే మాత్రం మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది.

మూడోది అన్నిటికన్నా బలమైనది: పోలీసులకు చెప్పినదానికీ ఇప్పుడు చెబుతున్నదానికీ తేడా. ‘రెండు దెబ్బలు కొట్టాడని మీరు పోలీసులకు చెప్పలేదు’ అంటారు. చెప్పి ఉంటే ‘చెప్పాను’ అనండి; రాయలేదేమో అది మీకు తెలియదు. ఆ తేడాను తర్వాత దర్యాప్తు అధికారిని అడిగి రుజువు చేయాల్సింది డిఫెన్సే. దెబ్బల సంఖ్య లాంటి చిన్న తేడాలతో కేసు పోదు. కొట్టిన మనిషి, ఆయుధం, చోటు మారితే పోతుంది. అందుకే ఉన్నదానికి మెరుగులు దిద్దొద్దు. ‘చంపుతా అని కూడా అన్నాడు’ అని బలం కోసం చేర్చిన మాట కేసుకు బలహీనత అవుతుంది.

చివర్లో ‘మీరు అక్కడ లేరు, బంధుత్వం కొద్దీ అబద్ధం చెబుతున్నారు అంటే ఏమంటారు?’ అనే తరహా సజెషన్లు వస్తాయి. ఇది ప్రతి కేసులో తప్పని తంతు, మీ మీద నింద అనుకోవద్దు. ‘ఆ మాట నిజం కాదు’ అంటే చాలు. అర్థం కాని ప్రశ్నకు జవాబు చెప్పకండి, జడ్జితో ‘మళ్లీ అడగమనండి సార్’ అని చెప్పుకోవచ్చు.

మీరు తెలుగులో చెప్పింది చాలా కోర్టుల్లో ఇంగ్లిష్‌లో టైపవుతుంది. ఇక్కడ ఏమరుపాటు పనికిరాదు. సాక్ష్యం పూర్తయ్యాక దాన్ని మీకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలని చట్టంలోనే ఉంది. హడావుడిలో అటెండర్ ‘సంతకం పెట్టు’ అని కాగితాలు చాపితే, ‘తెలుగులో చెప్పండి’ అని మర్యాదగా అడగండి. ఎడమ చెయ్యి కుడి చెయ్యి అయినా, ‘కాదు’ ‘అవును’ అయినా అప్పుడే జడ్జికి చెప్పాలి. జడ్జి సరిదిద్దుతారు, లేదా మీ అభ్యంతరాన్ని రాసి పెడతారు. సంతకం పెట్టి ఇంటికి పోయాక ఆ తప్పే మీ సాక్ష్యం. వెళ్లేముందు బత్తా అడగండి. ప్రభుత్వ సాక్షికి ప్రయాణ ఖర్చు, భత్యం ఇవ్వడానికి చట్టంలో వీలుంది.

సాక్షి ఎదురు తిరిగితే

పంచులు ఎక్కువగా జారిపోతారు. ‘ఠాణాకు పిలిచి సంతకం పెట్టమన్నారు, లోపల ఏముందో తెలియదు’ అన్న మాట కోర్టుల్లో చాలాసార్లు వినబడుతుంది. అప్పుడు ఏపీపీ జడ్జి అనుమతితో తన సాక్షినే క్రాస్ చేస్తారు. దీన్నే హాస్టైల్ అంటారు. హాస్టైల్ అయిన సాక్షి మాట మొత్తం చెత్తబుట్టలో పడదు, నమ్మదగిన భాగాన్ని కోర్టు వాడుకోవచ్చు. ప్రమాణం చేసి తెలిసి అబద్ధం చెబితే న్యాయ సంహిత 229 కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది.

ఊళ్లో పెద్దమనుషులు రాజీ చేసి, ‘కోర్టులో చూడలేదని చెప్పుపో’ అంటే సాక్షి ఒక్కడే ఇరుక్కుంటాడు. రాజీకి సరైన దారులున్నాయి. చట్టం రాజీకి ఒప్పుకున్న నేరమైతే రెండు పక్షాలూ కోర్టులోనో లోక్ అదాలత్‌లోనో రాజీ రాసుకోవచ్చు. ఒప్పుకోని నేరమైతే కేసు కొట్టేయమని హైకోర్టును అడగాలి. సాక్షిని బెదిరిస్తుంటే వాయిదా దాకా ఆగకుండా సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు.

చూసిన సాక్షి లేకపోయినా కేసు నిలుస్తుంది. 2020 మేలో వరంగల్ దగ్గరి గొర్రెకుంట బావిలో తొమ్మిది మంది శవాలు దొరికిన కేసులో సీసీ కెమెరా దృశ్యాల్లాంటి పరిస్థితుల సాక్ష్యం కీలకమైంది. అదే ఏడాది అక్టోబర్ 28న వరంగల్ కోర్టు మరణశిక్ష విధించింది. ఇలాంటి కేసుల్లో సాక్ష్యాల గొలుసులో ఒక్క కొక్కెం కూడా తెగకూడదు.

సాక్షుల తర్వాత డాక్టర్, చివరగా దర్యాప్తు అధికారి. విచారణ నడుస్తుండగా రెండుసార్లకు మించి వాయిదా ఇవ్వకూడదని చట్టం అంటుంది. అయినా సమన్లు అందక, ల్యాబ్ రిపోర్టు రాక, జడ్జి సెలవులో ఉండి, లాయర్లు విధులు బహిష్కరించి వాయిదాలు పడుతూనే ఉంటాయి. డాక్టర్, అధికారి దూరానికి బదిలీ అయితే వీడియో ద్వారా సాక్ష్యం చెప్పవచ్చు.

ముద్దాయి వంతు

ప్రాసిక్యూషన్ ముగిశాక జడ్జి ముద్దాయిని నేరుగా ప్రశ్నిస్తారు, సురక్షా సంహిత 351 సెక్షన్ కింద. ప్రమాణం ఉండదు, జవాబు చెప్పకపోతే శిక్ష లేదు. చాలామంది ప్రతి ప్రశ్నకూ ‘అబద్ధం, తెలియదు’ అని ముగిస్తారు. ఆ వేళ వేరే చోట ఉన్నట్టు ఆధారముంటే, తనకూ దెబ్బలు తగిలి ఉంటే చెప్పుకోవడానికి ఇది అసలైన అవకాశం, రాసి కూడా ఇవ్వవచ్చు. ఆ తర్వాత డిఫెన్స్ సాక్షులుంటే డీడబ్ల్యూ-1 నుంచి మొదలవుతారు.

వాదనలు, తీర్పు, ఆ తర్వాత

నేరాన్ని రుజువు చేయాల్సిన భారం ప్రాసిక్యూషన్‌ది. సహేతుకమైన అనుమానం మిగిలితే అది ముద్దాయికి లాభిస్తుంది. సెషన్స్‌లో వాదనలు ముగిసిన 30 రోజుల్లో, కారణాలు రాసి 45 రోజుల దాకా తీర్పు ఇవ్వాలి. దోషి అని తేలితే శిక్ష ఎంత అన్నదాని మీద ముద్దాయి మాట వింటారు. ఇల్లు గడిచే తీరు, వయసు, ఆరోగ్యం లాంటివి కాగితాలతో సహా అప్పుడే చెప్పాలి. జరిమానాలో కొంత బాధితుడికి పరిహారంగా ఇప్పించమని ఏపీపీ ద్వారా కోరవచ్చు. వైద్యం బిల్లులు రికార్డులో ఉంటే ఆ మాటకు బలం.

జైలు శిక్ష పడితే తీర్పు కాపీ ముద్దాయికి వెంటనే ఉచితంగా ఇస్తారు. మూడేళ్లకు మించని శిక్ష పడి, అప్పటికే బెయిలు మీద ఉంటే అప్పీలు వేసుకునేదాకా శిక్షను ఆ కోర్టే నిలిపి ఉంచగలదు. అందుకే తీర్పు రోజు జామీనుదారులను వెంట తీసుకెళ్లాలి. లేకపోతే ఆ సాయంత్రం జైలు తప్పదు.

మెజిస్ట్రేట్ వేసిన శిక్ష మీద సెషన్స్ కోర్టుకు 30 రోజుల్లో, సెషన్స్ తీర్పు మీద హైకోర్టుకు 60 రోజుల్లో అప్పీలు వేయాలి. మరణశిక్ష అయితే 30 రోజులు, దాన్ని హైకోర్టు ఖరారు చేసేదాకా అమలు చేయరు. కేసు కొట్టేస్తే బాధితుడికి కూడా అప్పీలు హక్కుంది. బాధితుడు తీర్పు రోజునే నకలు దరఖాస్తు పెట్టాలి. నకలు తయారవడానికి పట్టిన రోజులు గడువులోంచి తీసేస్తారు. దరఖాస్తు పెట్టిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ ఆ కాగితం మీదే ముద్రవేసి ఉంటాయి. అవి సరిగ్గా పడ్డాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి.